రాళ్ళ వలయాలు చూడబోతున్నవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ముడుమాల్ నిలువు రాళ్ళ మీద ఒక పేజీ వ్యాసం వేశాము. ఆ తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రాళ్ళ గురించే ఉన్నాయి, అందులోనూ విదేశీ దీవుల్లోని రాళ్ళ వలయాల గురించి అడిగినవారు ఎక్కువ. అందుకని ఈసారి పేజీలన్నీ వాటికే కేటాయించాము. ఆ వ్యాసం చదవనివారి కోసం ఒక్క మాట: ముడుమాల్ నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో నది ఒడ్డున ఉన్న ఊరు. దాని పొలాల్లో పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున సుమారు 80 నిలువు రాళ్ళు, వాటి చుట్టూ లెక్కకు మించిన చిన్న రాళ్ళు ఉన్నాయి. 2025 మార్చిలో అవి యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే వేసవిలో నేను, మా ఇంటావిడ ఆరు వారాలు వాడి దగ్గర ఉండబోతున్నాము. ముడుమాల్ పక్కనే పుట్టి పెరిగినవాణ్ణి కనుక అక్కడి దీవుల్లోని రాళ్ళ వలయాలు చూడాలని కోరిక. వాడు వారం రోజుల్లో ఐదు దీవులు తిప్పుతానని పట్టిక వేశాడు. నాకు 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. ఈ పట్టిక సబబేనా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, మక్తల్)

జవాబు: మాస్టారూ, ఆ పట్టికలో నాలుగు దీవులు కొట్టేయమని మీ అబ్బాయికి చెప్పండి. పండగపూట పది ఇళ్ళ గడపలు తొక్కి ఏ ఇంట్లోనూ కూర్చోకుండా తిరిగి వచ్చినట్టు ఉంటుంది ఆ ప్రయాణం. ఆర్క్నీ ఒక్కదానికి నాలుగు రోజులు ఇవ్వండి. మిగిలితే మరో విడతగా లూయిస్ దీవికి వెళ్ళవచ్చు. ఈ రెండింటి మధ్య నేరుగా ఓడ లేదు, మళ్ళీ స్కాట్లండ్ నేల మీదికి వచ్చి పడమటి తీరానికి చేరాల్సిందే కనుక, రెండూ ఒకే వారంలో పెట్టుకుంటే సగం రోజులు దారిలోనే పోతాయి.

ఆర్క్నీ అంటే ఒక దీవి కాదు, సుమారు 70 దీవుల గుంపు. వాటిలో ఇరవై చిల్లర దీవుల్లోనే మనుషులు ఉంటారు. మీరు చూడవలసినవన్నీ పెద్ద దీవిలో, ఒకదానికొకటి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఎడిన్‌బరో నుంచి కిర్క్‌వాల్‌కు చిన్న విమానాలు ఉన్నాయి. కారులో వెళ్ళదలిస్తే ఉత్తర కొసన ఉన్న స్క్రాబ్‌స్టర్ రేవు నుంచి స్ట్రోమ్‌నెస్‌కు ఓడ ఉంది, గంటన్నర ప్రయాణం. ఓడ కడుపులోకే కారు ఎక్కించుకుంటారు. సముద్రం ఎగిసిపడే చోటు అది, కాబట్టి వాంతులు అయ్యే అలవాటు ఉన్నవారు మాత్ర వేసుకుని ఎక్కడం మంచిది.

అక్కడ ముందుగా స్టెన్‌నెస్ రాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఇప్పుడు నిలబడి ఉన్నవి నాలుగే అయినా, వాటిలో ఎత్తైనది దాదాపు ఆరు మీటర్లు ఉంటుంది. క్రీ.పూ. 3100 ప్రాంతంలో నిలబెట్టారు, అంటే గీజా పెద్ద పిరమిడ్ కంటే ఐదు వందల ఏళ్ళు పాతవి. వాటిని చూసి తెలంగాణ మనిషి మొదట అనుకునే మాట ఒకటే: ‘ఇవి షాబాద్ బండలు కదా!’ నిజంగానే అలాంటివే. పొరలు పొరలుగా చీలే ఇసుకరాయి అది. ఇంత ఎత్తు రాయి మందం జానెడున్నర కూడా ఉండదు, పక్క నుంచి చూస్తే నిలబెట్టిన పలకలా ఉంటుంది. పై అంచు ఏటవాలుగా తెగి ఉండటం చూసి ఎవరో చెక్కారనుకుంటాము గాని, ఆ రాయి చీలే తీరే అంత.

అక్కడి నుంచి ఒక సన్నని నేలపట్టీ మీదుగా మైలు లోపు నడిస్తే బ్రోడ్‌గార్ వలయం వస్తుంది. ఆ దారికి ఒక పక్క చెరువులో మంచినీరు, మరో పక్క చెరువులో సముద్రం కలిసిన ఉప్పునీరు. బ్రోడ్‌గార్ వలయం అడ్డకొలత 104 మీటర్లు. మొదట 60 రాళ్ళు ఉండేవని అంచనా, ఇప్పుడు అందులో సగం కూడా నిటారుగా లేవు. ఒకదాన్ని 1980లో పిడుగు పడి చీల్చింది. రాళ్ళ కంటే నన్ను ఎక్కువ కట్టిపడేసింది వాటి చుట్టూ ఉన్న కందకం. అది మట్టిలో తీసింది కాదు, అడుగున ఉన్న బండనే తొలిచి చేసింది. ఇనుము గాని, కంచు గాని తెలియని మనుషులు కొమ్ములతో, రాళ్ళతో మూడు మీటర్ల లోతు తొలిచారు. మన చెలకల్లో బావి తవ్వుతుండగా బండ తగిలితే ఏమవుతుందో ఎరిగినవారు ఆ కందకం అంచున నిలబడితే గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

మోకాళ్ళ సంగతికి వస్తే, ఈ రెండు చోట్లా నేల చదునుగానే ఉంటుంది, టికెట్ కూడా లేదు. వాన పడితే మాత్రం గడ్డి కింద బురద. తొక్కిడి ఎక్కువై నేల చెడినప్పుడు బ్రోడ్‌గార్‌లో రాళ్ళ పక్కనుంచి పోయే దారిని కొంతకాలం మూసి ఉంచుతారు. మీకు ఇబ్బంది పెట్టేది మేస్‌హౌ అనే సమాధి దిబ్బ. దానికి ముందుగా టికెట్ తీసుకోవాలి, వేళ ప్రకారం కొద్దిమందినే లోపలికి పంపుతారు. లోపలికి పోయే నడవ పది మీటర్ల పొడవు, ఎత్తు మాత్రం మీటరు లోపే. నడుము వంచి, మోకాళ్ళు మడిచి, దాదాపు పాకుతూ పోవాలి. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. మీరు బయట కూర్చుని, ఇంటావిడను, అబ్బాయిని పంపడం మేలు. ఐదు వేల ఏళ్ళనాటి ఇళ్ళు చూడాలనుకుంటే స్కారా బ్రే అనే ఊరు ఉంది. 1850లో వచ్చిన తుఫాను ఇసుకదిబ్బను ఎత్తుకుపోగా బయటపడింది. రాతి మంచాలు, రాతి అరలు, పొయ్యిలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. దాన్ని పైనుంచే చూస్తారు కాబట్టి మోకాళ్ళకు భయం లేదు.

జూన్‌లో అయితే అక్కడ రాత్రి పదిన్నర వరకూ సూర్యుడు ఉంటాడు, ఆ తరువాత కూడా పూర్తిగా చీకటి పడదు. పగలంతా బస్సుల్లో దిగే జనంతో నిండి ఉండే వలయం రాత్రి తొమ్మిదింటికి ఖాళీ అవుతుంది. భోజనం చేసి అప్పుడు వెళ్ళండి. గొడుగు వెంట తీసుకుపోకండి, అక్కడి గాలికి అది ఒక్క పూట కూడా నిలవదు. చెవులు మూసే టోపీ, గాలి చొరబడని కోటు కావాలి.

ప్రశ్న: మా అమ్మమ్మ రాళ్ళ గూళ్ళను చూపించి ‘అవి రాకాసి గుళ్ళు, దగ్గరికి పోవద్దు’ అనేది. టీవీలో స్కాట్లండ్ రాళ్ళు చూపించినప్పుడు అచ్చం మనవే అనిపించాయి. అవీ ఇవీ ఒకే జాతివారు కట్టినవా? ఇక్కడి నుంచి అక్కడికి పోయారా, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారా?
(గృహిణి, నారాయణపేట)

జవాబు: అమ్మా, మీకు కలిగిన అనుమానమే నూట డెబ్బై ఏళ్ళ కిందట ఫిలిప్ మెడోస్ టేలర్ అనే ఆంగ్లేయుడికీ కలిగింది. ఆయన నిజాం ప్రభువు కొలువులో పనిచేసి, మీ జిల్లాకు పడమటి దిక్కున ఉన్న సురపురం సంస్థానంలో అధికారిగా ఉన్న రోజుల్లో అక్కడి రాళ్ళ గూళ్ళను, వలయాలను తవ్వించాడు. కొలతలు, బొమ్మలు రాసుకున్నాడు. తన దేశపు రాళ్ళతో పోల్చి, పోలికలు చూసి ఆశ్చర్యపోయాడు. ఆ కాలంలో ఒక జాతి దేశాలు దాటి వచ్చి కట్టి ఉంటుందని నమ్మడం తేలిక. ఈ రోజు అలా అనడానికి ఆధారం లేదు.

మొదటి అడ్డంకి కాలం. ఆర్క్నీ రాళ్ళు నిలిచింది క్రీ.పూ. 3100 నుంచి 2000 లోపు. అప్పటికి అక్కడివారికి లోహం దాదాపు తెలియదు. దక్షిణ భారతంలో పెద్దరాతి సమాధుల్లో ఎక్కువ భాగం ఇనుప యుగానివి, అంటే క్రీ.పూ. 1200 తరువాతివి. వాటిని తవ్వితే ఇనుప కత్తులు, గొడ్డళ్ళు, బాణపు మొనలు దొరుకుతాయి. ముడుమాల్ నిలువు రాళ్ళు వీటికంటే పాతవని, మూడున్నర వేల ఏళ్ళ కిందటివని పరిశోధకులు చెబుతున్నారు. అయినా ఆర్క్నీ రాళ్ళతో చూస్తే అవి చిన్నతమ్ముళ్ళే. నడుమ వేల మైళ్ళు ఉన్నాయి, ఒక చోటి నుంచి మరో చోటికి దారి చూపే గుర్తులు మాత్రం లేవు.

రెండవది కుండపెంకు. మన సమాధుల దగ్గర దొరికే పెంకును చేతిలోకి తీసుకుని అంచు చూడండి: బయటి వైపు ఎర్రగా, లోపలి వైపూ మూతి అంచూ నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. కుండను బోర్లించి కాల్చినందువల్ల, గాలి తగిలిన చోట ఎరుపు, తగలని చోట నలుపు వచ్చిందని దాన్ని వివరిస్తారు. ఆర్క్నీవారి కుండలు పూర్తిగా వేరు. అడుగు చదునుగా, ఒంటి మీద గీతలు గీసి, అతికించిన మట్టి పట్టీలతో ఉంటాయి. ఒకే జాతివారైతే రాయి నిలబెట్టే తీరు గుర్తుండి, కూడు వండుకునే కుండ చేసే తీరు మరిచిపోరు.

మరి ఇంత పోలిక ఎందుకు? నా మటుకు నాకు ఇందులో పెద్ద మర్మం కనిపించదు. చనిపోయినవారి చోటు, ఊరందరూ కూడే చోటు పదికాలాలు నిలవాలనుకున్నప్పుడు, రాయి దొరికే నేల మీద బతికే మనుషులకు తోచేది రాయి నాటడమే. మనం ఇప్పటికీ ఊరు కట్టుకుంటే నడిబొడ్డున బొడ్రాయి నాటుతాము, ఏళ్ళు గడిచాక మళ్ళీ పండగ చేసి కొత్తది ప్రతిష్ఠిస్తాము. ఆ పండగకు ఆడబిడ్డలందరినీ పిలుస్తాము. బొడ్రాయికీ ఆ పాత రాళ్ళకూ వారసత్వం ఉందని నేను అనడం లేదు, రాయి నాటే ఆలోచన ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోవలసింది కాదని మాత్రమే అంటున్నాను.

రాళ్ళు ఎవరు పెట్టారో మరిచిపోయిన తరువాత జనం చేసే పని కూడా రెండు చోట్లా ఒకటే. లూయిస్ దీవిలోని కాలనిష్ రాళ్ళను అక్కడి పాతవారు తమ భాషలో ‘ఉత్తుత్తి మనుషులు’ అనేవారు. క్రైస్తవం పుచ్చుకోవడానికి ఒప్పుకోని రాకాసి మనుషులు రాళ్ళైపోయారన్న కథ చెప్పుకునేవారు. ముడుమాల్‌లో జనం ఆ రాళ్ళను ‘నిలురాళ్ళ తిమ్మప్ప’ అంటారు, ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. మీ అమ్మమ్మ రాకాసి గుళ్ళంది. భయమో భక్తో, ఏదో ఒకటి ఉన్నందువల్లనే చాలాచోట్ల ఆ రాళ్ళు ఇంకా మిగిలాయి.

ప్రశ్న: క్రేన్లు లేని కాలంలో అంత పెద్ద రాళ్ళను ఎలా నిలబెట్టారు? నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను.
(విద్యార్థి, దేవరకొండ)

జవాబు: బాబూ, మీ ఊరి దగ్గర బత్తాయి తోటకు కంచె వేసేటప్పుడు రాతి కడీలు పాతడం చూసే ఉంటావు. ఆరేడు అడుగుల కడీని ఇద్దరు మనుషులు గుంట దగ్గరికి దొర్లిస్తారు, కాలి కొన గుంట అంచు మీదికి వచ్చేట్టు పెడతారు. తల వైపు ఒకడు భుజం ఇచ్చి లేపుతుంటే, రెండోవాడు గడ్డపారతో కాలిని అదుముతాడు. ఒక దశ దాటాక రాయి తన బరువుతో తానే జారి గుంటలో కూర్చుంటుంది. నిటారుగా సరిచేసి, చుట్టూ రాళ్ళు కూరి, మట్టి పోసి దిమ్మిస చేస్తారు. ఆర్క్నీలోనూ, కాలనిష్‌లోనూ జరిగింది ఇదే పని. మనుషులు ఇద్దరు కాదు, వందమంది, గడ్డపారకు బదులు పెద్ద దూలాలు, భుజానికి బదులు మోకులు. ఎత్తిన కొద్దీ కింద కర్రలు పేర్చుకుంటూ పోతే రాయి మళ్ళీ వెనక్కి పడదు. తవ్విన చోటల్లా గుంటలో కూరిన రాళ్ళు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

రాయి తీయడం కూడా తెలిసిన విద్యే. మన దగ్గర వడ్డెరవారు గ్రానైట్ బండ మీద మంట పెట్టి, వేడెక్కాక పొర లేపడం పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. ఆర్క్నీ రాయి మనదానికంటే మెత్తన, పొరల వెంట దానంతటదే విడుతుంది. అక్కడ వెస్ట్రా ఫియోల్డ్ అనే గుట్ట మీద ఆనాటి రాతి గని ఉంది, విడదీసి తరలించకుండా వదిలేసిన పెద్ద పలకలు ఇంకా అక్కడే పడి ఉన్నాయి. అసలు కష్టం మోయడంలో ఉంది. ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ నడుమ పడి ఉన్న ఆరు టన్నుల ‘బలిపీఠం రాయి’ స్కాట్లండ్ ఈశాన్య భాగం నుంచి వచ్చిందని, అంటే దాదాపు 750 కిలోమీటర్ల దూరం ప్రయాణం చేసిందని 2024లో తేలింది. మొదట అందరూ ఆర్క్నీ వైపు చూశారు గాని, కొద్ది వారాల్లోనే ఆర్క్నీ పెద్ద దీవి రాయి కాదని కూడా రుజువైంది. అంత దూరం నేల మీద ఈడ్చారా, ఓడలో తెచ్చారా అన్నది ఇంకా తేలలేదు. నీ తరంవారు తేల్చవలసిన లెక్క అది.

ప్రశ్న: కాలనిష్ రాళ్ళు చంద్రుణ్ణి చూడటానికి పెట్టారని, ముడుమాల్ రాళ్ళు సూర్యుణ్ణి చూడటానికి పెట్టారని అంటారు. ఇవి నమ్మదగినవేనా? వాటిని చూడటానికి ఏ రోజుల్లో వెళ్ళాలి?
(ఇంజనీరు, గద్వాల)

జవాబు: ఇలాంటి మాటలను నేను మూడు రకాలుగా చూస్తాను. మేస్‌హౌ విషయంలో అనుమానం అక్కరలేదు. శీతకాలపు అతి చిన్న పగటికి అటూ ఇటూ కొన్ని వారాలు అస్తమించే సూర్యుడి వెలుగు ఆ సన్నని నడవ గుండా పోయి వెనక గోడ మీద పడుతుంది. నడవ కట్టిన దిక్కే దానికి సాక్ష్యం. రెండవ రకం కాలనిష్. 18.6 ఏళ్ళకు ఒకసారి చంద్రుడు దక్షిణాన మరీ కిందికి దిగి, అక్కడి కొండల వరుసను రాసుకుంటూ పోయి, రాళ్ళ నడుమ కనిపిస్తాడు. ఆ దృశ్యం నిజం, 2024, 2025 సంవత్సరాల్లో జనం వెళ్ళి చూశారు. కట్టినవారు దానికోసమే కట్టారా అన్నది వేరే ప్రశ్న. మళ్ళీ అది రావడం 2043 ప్రాంతంలో కనుక తొందర లేదు.

ముడుమాల్‌లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు ఏళ్ళ తరబడి పనిచేసి, కొన్ని రాళ్ళ వరుసలు అయనాంతాల నాటి (ఏడాదిలో పగలు అతి పెద్దగా, అతి చిన్నగా ఉండే రోజుల) సూర్యుడి దిక్కుకు కుదురుతున్నాయని, ఒక పరుపుబండ మీద తొలిచిన చిన్న గుంటల్లో సప్తర్షి మండలం ఆకారం ఉందని గుర్తించారు. ఆ గుంటల రాయిని నేను దగ్గర నుంచి చూశాను. పొద్దు బాగా ఎక్కాక చూస్తే బోసి బండ. ఉదయం ఏటవాలు ఎండలో ప్రతి గుంటలోనూ నీడ నిండి, గురిగింజల్లా ఒక్కొక్కటీ లేచి కనిపిస్తుంది. అప్పుడు సప్తర్షులను ఎవరూ చూపించనక్కరలేదు. మూడవ రకం, ఏ రాయి మీద నిలబడి ఏ కొండ వైపు చూసినా ఏదో ఒక నక్షత్రానికి గీత కలిపేవారి మాటలు. ఎనభై రాళ్ళు, చుట్టూ పది గుట్టలు ఉంటే ఏ గీతైనా ఎక్కడో ఒకచోట కలుస్తుంది. ఇంజనీరుగా ఆ లెక్క మీకే బాగా తెలుసు.

ముడుమాల్‌కు జూన్ 21, డిసెంబర్ 21 తేదీలకు అటూ ఇటూ తెల్లవారుజామున చేరండి. జూన్‌లో మబ్బు పట్టే అవకాశం ఎక్కువ కాబట్టి నా ఓటు డిసెంబర్‌కే.

ప్రశ్న: మా పట్టా చెలకలో గుండ్రంగా పెద్ద పెద్ద రాళ్ళు ఉన్నాయి, నడుమ కొంచెం ఎత్తుగా ఉంది. బంగారం ఉంటుందని కొందరు తవ్వుదాం అంటున్నారు. ప్రభుత్వానికి చెబితే భూమి పోతుందని ఇంకొందరు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
(రైతు, నల్గొండ జిల్లా)

జవాబు: బంగారం మాట ముందు తీసేద్దాము. అది కూడా మేస్‌హౌ కథే: పన్నెండవ శతాబ్దంలో నార్వే నుంచి వచ్చిన వైకింగులు ఆ దిబ్బ కప్పు పగలగొట్టి లోపలికి దిగి, గోడల మీద తమ లిపిలో ముప్పై దాకా రాతలు గీకారు. వాటిలో కొన్ని నిధి గొప్పలే. ఇలాంటి వలయాల కింద దొరికేవి ఎముకలు, కుండలు, తుప్పు పట్టిన ఇనుప పనిముట్లు, ఎప్పుడైనా కొన్ని పూసలు. చదువుకున్నవారికి అవి బంగారమే గాని అంగట్లో అమ్ముడుపోవు. పైగా 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు పది రూపాయలకు మించినది దొరికితే కలెక్టరుకు తెలపాలి. గుప్తనిధుల కోసం రాత్రిపూట తవ్వి పట్టుబడినవారి వార్తలు మీరూ చదివే ఉంటారు.

భూమి సంగతి: వలయం ఉన్నంత మాత్రాన పట్టా రద్దు కాదు. కేంద్ర ప్రభుత్వం రక్షిత కట్టడంగా ప్రకటిస్తే మాత్రం చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణాలు చేయకూడదు, ఆ పైన మరో రెండు వందల మీటర్లలో అనుమతి తీసుకోవాలి. మన జిల్లాల్లోని వలయాల్లో చాలావాటికి ఆ ప్రకటనే లేదు. రాళ్ళు కదపకుండా, నడుమ ఎత్తును దున్నకుండా, చుట్టూ సేద్యం చేసుకోండి. నాలుగు ఫోటోలు తీసి రాష్ట్ర వారసత్వ శాఖకు ఒక అర్జీ పెట్టి, ఒక నకలు దగ్గర ఉంచుకోండి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పాలమూరులో మా మేనమామ చెలకలో అలాంటి వలయం ఉండేది. సీతాఫలాల కాలంలో పిల్లలం తలా ఒక రాయి ఎక్కి కూర్చుని, గింజలు ఎవరు నడుమకు ఊస్తారో పందెం వేసుకునేవాళ్ళం. పద్నాలుగు రాళ్ళని నాకు ఇప్పటికీ లెక్క గుర్తు. నేను ఉద్యోగానికి పోయిన ఏడాది వాటిని పగలగొట్టి గట్టుకు వేశారు. మామయ్యకు ఒక ట్రాక్టరు పట్టే స్థలం కలిసివచ్చింది.

స్టెన్‌నెస్‌లోనూ ఇదే జరిగింది. అక్కడ నడుమ రంధ్రం ఉన్న ఒక రాయి ఉండేది, పెళ్ళి చేసుకోదలచిన జంటలు దాని గుండా చేతులు కలిపి ప్రమాణం చేసేవారు. 1814 డిసెంబర్‌లో ఆ పొలం కౌలుకు తీసుకున్న ఒక పరాయి ఊరివాడు, జనం వచ్చి పంట తొక్కుతున్నారని విసిగి దాన్ని ముక్కలు చేశాడు. మరో రాయి పగలగొట్టి, ఇంకొకటి పడగొట్టాక ఊరివాళ్ళు అడ్డుపడ్డారు. అతని ఇంటికి నిప్పు పెట్టబోయారు కూడా. పడగొట్టిన రాయిని తరువాత నిలబెట్టారు గాని, ముక్కలైన రాయి తిరిగి రాలేదు.

ప్రశ్న: విదేశాలకు పోయే స్థోమత మాకు లేదు. పిల్లలకు దీవి, రాళ్ళ వలయం రెండూ ఒకేచోట చూపించే అవకాశం మన దగ్గర ఉందా?
(ఉపాధ్యాయురాలు, మిర్యాలగూడ)

జవాబు: ఉందమ్మా, మీ ఊరికి దగ్గర్లోనే. నాగార్జునకొండ. అది పుట్టుకతో దీవి కాదు, ఆనకట్ట కట్టాక నీళ్ళు చుట్టుముట్టగా మిగిలిన కొండ తల. 1955లో సాగర్‌కు శంకుస్థాపన జరగడానికి ముందు నుంచే ఆ లోయలో తవ్వకాలు మొదలై, 1960 వరకూ సాగాయి. ఇక్ష్వాకుల కట్టడాలు, బౌద్ధ స్తూపాలతో పాటు అంతకంటే పాత పెద్దరాతి సమాధులు కూడా అక్కడ బయటపడ్డాయి. మునిగిపోయేవాటిలో ఎంచుకున్న కొన్నింటిని రాయి రాయికీ గుర్తు పెట్టి విప్పి, కొండ మీద తిరిగి పేర్చారు. వాటిలో ఒక పెద్దరాతి సమాధి ఉంది. పిల్లలు దాదాపు అందరూ మ్యూజియంలోని బుద్ధుడి దగ్గరికి పరుగెత్తుతారు గనుక, ముందు దాన్ని చూపించి తరువాత లోపలికి తీసుకువెళ్ళండి. నల్గొండ వైపున ఏలేశ్వరంలోనూ ఇలాంటి సమాధులు తవ్వకాల్లో దొరికాయి. ఆ ఊరు నీటి కిందికి పోయింది, ఏలేశ్వరం గట్టు మాత్రం నీళ్ళ మధ్య మిగిలింది.

నీళ్ళ కింద ఉన్నవాటిని ఊహించుకోవడం పిల్లలకు కష్టమైతే ఒక సంగతి చెప్పండి. ఫ్రాన్స్ పడమటి తీరంలో ఎర్ లానిక్ అనే చిన్న లంక ఉంది. అక్కడ రెండు రాళ్ళ వలయాలు పక్కపక్కనే కట్టారు, కట్టిన తరువాత సముద్రమట్టం పెరిగింది. ఒక వలయం సగం ఒడ్డు మీద, సగం నీళ్ళలో ఉంది. రెండవది పూర్తిగా నీటి కిందికి పోయింది. పక్షుల కోసం కేటాయించిన లంక అది, కాలు పెట్టనివ్వరు, పడవలో నుంచే చూడాలి. మన లోయను ముంచింది సముద్రం కాదు, మనమే. అంతే తేడా.

లాంచీ ప్రయాణం ఒక వైపుకు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. నీటిమట్టం బాగా తగ్గినా, గాలి ఎక్కువైనా లాంచీలు ఆపేస్తారు, అందువల్ల బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. కొండ మీద తినడానికి దొరికేది తక్కువ. పులిహోర, పెరుగన్నం కట్టుకుని, పిల్లలకు తలా ఒక నీళ్ళ సీసా ఇచ్చి ఉదయం మొదటి లాంచీకే ఎక్కండి. తిరుగు లాంచీ ఎన్నింటికో దిగినప్పుడే అడిగి పెట్టుకోవడం మరవకండి.